పోటుకు కింద, ఆటుకు పైన: గయానా తీరం కథంతా తూముల్లోనే

గయానాలో పదిమందిలో తొమ్మిదిమంది బతికే నేల సముద్రపు పోటు మట్టానికి అర మీటరు నుంచి మీటరు దాకా కిందుంటుంది. ఆటు మట్టానికి మాత్రం కాస్త పైన. ఈ కాస్త తేడా మీదే దేశం నిలబడింది. సముద్రం వెనక్కి తగ్గిన కొన్ని గంటల్లో తూము తలుపు ఎత్తి లోపలి నీరు బయటికి వదలాలి, మళ్లీ నీరు ఎక్కేలోపు తలుపు దించెయ్యాలి. రోజుకు రెండుసార్లు చొప్పున ఈ పని రెండున్నర శతాబ్దాలకు పైగా సాగుతోంది. చెరకు, బానిసత్వం, మన కూలీల వలస, ఎన్నికల గొడవలు, ఇప్పటి చమురు, వీటిలో ఏది కదిపినా చివరికి తూము దగ్గరికే వస్తాం.

దక్షిణ అమెరికా ఉత్తర తీరాన వెనెజులాకు తూర్పున, సురినాంకు పడమర, బ్రెజిల్‌కు ఉత్తరాన ఉన్న దేశమిది. విస్తీర్ణం సుమారు 2,15,000 చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్ కంటే బాగా పెద్దది. 2012 లెక్కల్లో జనం 7,46,955 మంది, విజయవాడ నగరంలో ఉన్నంత మంది కూడా కాదు. దేశంలో దాదాపు 85 శాతం అడవి. ఆ ఖండంలో ఇంగ్లిష్ అధికార భాషగా ఉన్న దేశం ఇదొక్కటే. ఇళ్లలో, బజార్లో మాట్లాడేది మాత్రం క్రియోల్. అందులో డచ్చి, ఆఫ్రికా, భోజ్‌పురి మాటలు కలిసిపోయి ఉంటాయి. తాతను ‘ఆజా’ అనీ, పడవ రేవును డచ్చి పేరుతో ‘స్టెల్లింగ్’ అనీ, తూమును ‘కోకర్’ అనీ అంటారు.

తీరం ఇంత పల్లంగా ఉండటానికి మూలం ఎక్కడో దూరాన ఉన్న అమెజాన్. అది సముద్రంలో కలిపే ఒండ్రులో కొంత ప్రవాహాల వెంట పడమరకు కదులుతూ పెద్ద పెద్ద బురద దిబ్బలుగా మారుతుంది. ఒక్కో దిబ్బ పదుల కిలోమీటర్ల పొడవుంటుంది. ఏడాదికి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల చొప్పున జరుగుతూ పోతుంది. దిబ్బ ఎదురుగా ఉన్న ఊరికి అలల బాధ ఉండదు. మెత్తటి బురదలో అల చచ్చిపోతుంది, ఆ బురదలో కురీడా అనే మడచెట్టు మొలుస్తుంది. దిబ్బ జరిగిపోయాక అదే ఊరు అట్లాంటిక్‌కు నేరుగా ఎదురు నిలుస్తుంది, మడ కొట్టుకుపోతుంది, గట్టు కోసుకుపోతుంది. ఒకే చోట ఈ మార్పు దాదాపు 30 ఏళ్లకోసారి తిరిగొస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. గట్టును కాపాడే బురదే తూముకు చేటు. దిబ్బ వచ్చి ఆనుకుంటే తూము బయటి కాలువ పూడిపోతుంది. తలుపు ఎత్తినా నీరు కదలదు.

డచ్చివాళ్లు మొదట్లో ఈ తీరం జోలికి రాలేదు. 17వ శతాబ్దంలో వాళ్ల స్థావరాలు నదుల ఎగువన, ఎసెక్విబో నదిలో మరో రెండు నదులు కలిసే చోట కైక్-ఓవర్-ఆల్ కోట చుట్టూ ఉండేవి. అక్కడి నేల త్వరగా సారం కోల్పోయేది. తీరపు బంకమట్టి సారవంతమని తెలుసు, కానీ దాన్ని నీటి నుంచి విడదీయాలి. ఎసెక్విబో పాలకుడు స్టోర్మ్ వాన్ స్ గ్రావెసాండె 1746లో డెమెరారా నదీ ప్రాంతాన్ని సాగుకు తెరిచి, బార్బడోస్ నుంచి ఇంగ్లిష్ తోటల యజమానులను కూడా పిలిచాడు. అప్పటి నుంచి తీరం ముక్కలు ముక్కలుగా కట్టల మధ్యకు వచ్చింది.

ఒక్కో తోటకు ఇచ్చే భూమికి కొలత ఉండేది. నీటి అంచున 100 రైన్‌లాండ్ రూడ్ల వెడల్పు, లోపలికి 750 రూడ్ల పొడవు. మన లెక్కలో దాదాపు 375 మీటర్ల వెడల్పు, 2.8 కిలోమీటర్ల లోతు, సుమారు 250 ఎకరాలు. నాలుగు వైపులా కట్టలు వేసేవారు. ముందున్నది సముద్రపు కరకట్ట, వెనకున్నది ‘బ్యాక్‌డ్యామ్’. అడవి నుంచి, చిత్తడి నుంచి వచ్చే నీటిని ఆపేది ఇదే. అటూ ఇటూ పక్క కట్టలు. అంటే శత్రువు ముందూ వెనకా కూడా నీరే. ముందు ఉప్పునీరు, వెనక మంచినీరు. ఇవాళ తీరం వెంట రోడ్డు మీద వెళ్తే గ్రామాలన్నీ సన్నని పట్టీల్లా ఒకదాని పక్కన ఒకటి ఎందుకుంటాయో ఈ కొలతే చెబుతుంది. రాజధాని జార్జ్‌టౌన్ పేటలు కింగ్‌స్టన్, వెర్క్-ఎన్-రస్ట్ కూడా ఒకప్పటి తోటలే. కోరెంటైన్ తీరంలో కొన్ని ఊళ్లకు ఇప్పటికీ పేరు లేదు, ‘63వ నంబరు ఊరు’ అంటే అదే చిరునామా.

కట్ట లోపల రెండు రకాల కాలువలుంటాయి, అవి ఎక్కడా కలవకూడదు. ఎత్తు మట్టంలో ఉండేది వెనక నుంచి మంచినీరు తెచ్చే కాలువ. కోసిన చెరకును ఇనుప పంటుల్లో వేసి ఫ్యాక్టరీకి లాగేది కూడా దానిమీదే. మొదట్లో కంచరగాడిదలు లాగేవి, తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. గోదావరి రేవుల్లో పంటు ఎక్కినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. పల్లపు మట్టంలో ఉండేది మురుగు కాలువ. అది నేరుగా తూము దగ్గరికి పోతుంది. మడులు కూడా నడుమ ఉబ్బెత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి, ఎందుకంటే చెరకు వేరు నీట నానితే కుళ్లుతుంది. మరో వింత, కొన్నేళ్లు పంట తీశాక అదే మడిని కావాలనే కొన్ని నెలలు నీట ముంచి ఉంచేవారు. ఆ ముంపుతో కలుపు, పురుగు చస్తాయి, బిగిసిపోయిన బంకమట్టి గుల్లబారుతుంది.

ఈ పనంతటి పరిమాణం 1948లో బ్రిటన్ వేసిన వెన్ కమిషన్ చెప్పిన లెక్కలో తెలుస్తుంది. ఒక చదరపు మైలు చెరకు సాగవ్వాలంటే 49 మైళ్ల మురుగు కాలువలు, 16 మైళ్ల రవాణా, సాగునీటి కాలువలు కావాలి. ఈ కాలువలన్నీ తవ్వడానికి బానిసలు కనీసం 10 కోట్ల టన్నుల తడి బంకమట్టిని పారలతో ఎత్తిపోసి ఉండాలని ఆ కమిషన్ అంచనా. నడుములోతు బురదలో నిలబడి, యంత్రమన్నది లేకుండా. గయానాలో ఏ స్మారకం కన్నా పెద్దది ఈ మట్టే అనిపిస్తుంది, కాకపోతే దాని మీద ఎవరి పేరూ లేదు.

తిరగబడ్డవాళ్ల పేర్లు మాత్రం మిగిలాయి. 1763 ఫిబ్రవరి 23న పక్కనున్న మరో డచ్చి కాలనీ బెర్బీస్‌లో మొదలైన తిరుగుబాటుకు కఫీ నాయకుడు. కాలనీలో ఎక్కువ భాగం నెలల తరబడి బానిసల చేతుల్లో ఉంది. 1970లో గయానా గణతంత్రమైంది ఆ తేదీనే. బ్రిటిష్‌వాళ్లు 1803లో చివరిసారి ఆక్రమించి, 1814లో ఒప్పందంతో సొంతం చేసుకుని, 1831లో ఎసెక్విబో, డెమెరారా, బెర్బీస్ అనే మూడు కాలనీలను బ్రిటిష్ గయానాగా కలిపారు. ఈ మధ్యలో 1823 ఆగస్టులో డెమెరారాలో 10,000 మందికి పైగా బానిసలు లేచారు. తిరుగుబాటు మొదలైంది ‘సక్సెస్’ అనే తోటలో. దాని యజమాని లివర్‌పూల్ వ్యాపారి జాన్ గ్లాడ్‌స్టన్, తర్వాత బ్రిటన్ ప్రధానమంత్రి అయిన విలియం గ్లాడ్‌స్టన్ తండ్రి. ఈ పేరు మళ్లీ వస్తుంది.

1838లో పూర్తి విముక్తి వచ్చాక జరిగింది చాలామంది చెప్పుకోని కథ. విడుదలైనవాళ్లు దాచుకున్న నాణేలు కలిపి మూతబడ్డ తోటలు కొన్నారు. 1839 నవంబరులో 83 మంది కలిసి నార్త్‌బ్రుక్ తోటను 30,000 గిల్డర్లకు కొని దానికి విక్టోరియా అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది బక్స్‌టన్ వచ్చింది. భూమి చేతికొచ్చింది కానీ దాంతోపాటు కట్టలు, తూములు, కాలువల ఖర్చూ వచ్చింది. 250 ఎకరాల తోటకు ఒక యజమాని, వందలాది కూలీలు ఉండి నడిపిన వ్యవస్థ అది. ఇప్పుడు అదే నేల పదుల కుటుంబాల ముక్కలు. ఒకరు తమ వాటా కాలువ తీయకపోతే మురుగు అందరి మడుల్లోనూ నిలుస్తుంది. పక్క ఎస్టేటు తన అవసరం కోసం నీరు వదిలితే ఊరు మునుగుతుంది. పైగా 1850ల్లో ఇలా ఉమ్మడిగా భూమి కొనేవారి సంఖ్యకు చట్టాలతో పరిమితి పెట్టారు. ఆఫ్రికన్ గ్రామాలు సాగు వదిలి పట్నానికి, గనులకు, బడి ఉద్యోగాలకు, పోలీసు ఉద్యోగాలకు మళ్లడానికి బద్ధకం కారణమని తోటల యజమానులు రాసి పెట్టారు. అసలు కారణం మురుగు నీరు.

కూలి రేటు పెంచడం ఇష్టంలేని జాన్ గ్లాడ్‌స్టన్ 1836 జనవరిలోనే కలకత్తాలోని గిలాండర్స్ ఆర్బత్‌నాట్ కంపెనీకి ఉత్తరం రాశాడు, కూలీలను పంపగలరా అని. 1838 మే 5న విట్‌బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు 396 మందిని దింపాయి. వాళ్లలో చాలామంది ఛోటానాగ్‌పూర్ కొండజాతులవాళ్లు. గ్లాడ్‌స్టన్ తోట వ్రీడ్-ఎన్-హూప్‌లో కొరడా దెబ్బల వార్తలు బయటికి రావడంతో వలస ఆగి, మళ్లీ 1845లో మొదలైంది. 1917 దాకా వచ్చినవాళ్లు దాదాపు 2,39,000 మంది. మూడింట రెండొంతులు అక్కడే ఉండిపోయారు.

ఒప్పందం అయిదేళ్లు. చట్టంలో రాసిన రోజు కూలి గట్టి మగవాడికి 24 సెంట్లు. అయితే లెక్క రోజుతో కాదు, ‘టాస్కు’తో. ఇన్ని రూడ్ల కాలువ తవ్వితేనే ఒక రోజు పని కింద లెక్క. వానకు మట్టి బరువెక్కితే ఒక టాస్కుకు రెండు రోజులు పట్టేది. పనికి రాకపోతే అది కూలి కోతతో పోదు, నేరం కింద కోర్టు, జరిమానా, జైలు. తోట గట్టు దాటాలంటే పాసు చీటీ ఉండాలి. 1872లో డెవన్‌షైర్ కాసిల్ తోటలో అయిదుగురు కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు.

మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్లు మొత్తంలో చిన్న పాయ, సుమారు 15,000 మంది. ఎక్కువమంది 1845–1862 మధ్య వచ్చారు. వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ అందరి పేరూ ‘మద్రాసీ’యే. తోటల యజమానులకు వీళ్ల మీద మంచి అభిప్రాయం లేదు, పట్నానికి జారుకుంటారని ఫిర్యాదు చేసేవారు. తెలుగు మాట ఇంటి భాషగా మిగల్లేదు, భోజ్‌పురి కలిసిన క్రియోల్‌లో కరిగిపోయింది. మిగిలింది గుడి. బెర్బీస్ వైపు, ముఖ్యంగా ఆల్బియన్ చుట్టుపక్కల, కాళీమాయి పూజ మద్రాసీ సంప్రదాయంగానే నడుస్తుంది. మారియమ్మ, వేపమండలు, పసుపు నీళ్లు, కరగం, పూనకం, తప్పు డప్పు. మన ఊరి జాతరలో తప్పెట, గరగ చూసినవాళ్లకు ఇందులో వివరించాల్సింది పెద్దగా ఉండదు. ఉత్తరాది పద్ధతి పాటించే హిందూ సంఘాలు చాలాకాలం దీన్ని చిన్నచూపు చూశాయన్నది కూడా నిజమే.

గడువు తీరిన కూలీలకు తిరుగు ప్రయాణపు ఖర్చుకు బదులు భూమి ఇవ్వజూపే పద్ధతి 19వ శతాబ్దం చివర్లో సాగింది. ఆ భూములు చెరకుకు పనికిరాని, నీరు నిలిచే అంచులు. నీరు నిలిచే నేల అంటే చెరకు యజమానికి నష్టం, వరి తెలిసినవాడికి లాభం. మే–ఆగస్టు, నవంబరు–జనవరి మధ్య రెండు వానకాలాలు ఉండటంతో ఏటా రెండు పంటలు కుదిరాయి. అయితే కరువు వస్తే నిల్వ నీరు ముందు ఎస్టేటుకే, వరద వస్తే తూము ముందు ఎస్టేటుకే. ఆఫ్రికన్ గ్రామం, భారతీయ గ్రామం రెండింటికీ ఫిర్యాదు ఒకటే. కానీ రెండూ వేర్వేరు కట్టల మధ్య ఉండేవి, పక్క కట్టకు అవతల ఉన్నవాడే నీరు తోసేవాడిలా కనిపించేవాడు. గయానా జాతి రాజకీయాల వేళ్లు ఇక్కడా ఉన్నాయి.

ఇదే బురదలో ఒక్కసారి అందరినీ కలపగల ఉద్యమం కూడా పుట్టింది. 1945 తర్వాత ఎస్టేటుల్లో ‘కట్ అండ్ లోడ్’ పద్ధతి తెచ్చారు. అంతకుముందు చెరకు కోసేవాడు వేరు, పంటులోకి ఎక్కించేవాడు వేరు. కొత్త పద్ధతిలో కోసినవాడే ఆ మోపు నెత్తిన పెట్టుకుని, జారే పలక మీద నడిచి పంటులో వెయ్యాలి. 1948 ఏప్రిల్‌లో సమ్మె మొదలైంది. జూన్ 16న ఎన్‌మోర్‌లో పోలీసులు అయిదుగురిని కాల్చి చంపారు. పైన చెప్పిన వెన్ కమిషన్ వచ్చింది ఈ గొడవల తర్వాతే. పళ్ల డాక్టరు ఛెడ్డీ జగన్, లాయరు ఫోర్బ్స్ బర్నమ్ కలిసి 1950లో పీపుల్స్ ప్రోగ్రెసివ్ పార్టీ పెట్టారు. 1953లో వయోజన ఓటుతో జరిగిన ఎన్నికల్లో 24 స్థానాల్లో 18 గెలిచారు. 133 రోజులకు బ్రిటన్ సైన్యాన్ని దింపి రాజ్యాంగాన్ని రద్దు చేసింది. 1955లో ఇద్దరూ విడిపోయారు. ఆ తర్వాత ఓటు జాతిని బట్టి చీలిపోయింది. 1964లో రెండు జాతుల మధ్య జరిగిన హత్యాకాండతో కలిసి ఉన్న ఊళ్లు కూడా విడిపోయాయి. 1966 మే 26న స్వాతంత్ర్యం వచ్చేనాటికి అధికారం బర్నమ్‌ది.

బర్నమ్ 1971లో బాక్సైట్‌ను, 1976లో బుకర్ అనే బ్రిటిష్ కంపెనీ చెరకు ఎస్టేటులను జాతీయం చేశాడు. అప్పటిదాకా దేశాన్ని ‘బుకర్స్ గయానా’ అని ఎగతాళి చేసేవారు. సాహిత్యంలో బుకర్ బహుమతి స్థాపించింది ఈ కంపెనీయే. తర్వాత విదేశీ మారకం అడుగంటింది. 1980ల తొలి ఏళ్లలో గోధుమపిండి దిగుమతిని నిషేధించారు, బియ్యప్పిండి వాడుకోమన్నారు. రొట్టె లేని ఇల్లు, పూజలో ప్రసాదానికి పిండి లేని గుడి. పిండి పొట్లం దొంగతనంగా సరిహద్దు దాటి వచ్చేది. ఎస్టేటుల్లోనూ, ఊళ్లలోనూ కాలువలు తీసే డబ్బు లేక తూములు తుప్పు పట్టింది ఈ కాలంలోనే. ఎందరో కెనడాకు, న్యూయార్క్‌కు వెళ్లిపోయారు. 1992లో స్వేచ్ఛగా జరిగిన ఎన్నికల్లో జగన్ గెలిచేనాటికి వ్యవస్థ చాలావరకు శిథిలం.

దాని ఫలితం 2005 జనవరిలో తెలిసింది. జార్జ్‌టౌన్ వెనక, తూర్పు తీరం పొడవునా మట్టి కట్టతో కట్టిన పెద్ద మంచినీటి నిల్వ ఉంది, ఈస్ట్ డెమెరారా వాటర్ కన్జర్వెన్సీ. ఆ నెల వానలకు అది అంచు దాకా నిండింది. కట్ట తెగితే రాజధాని మునుగుతుంది. నీరు వదలాలంటే డెమెరారా నది వైపు ఉన్న తూములు చాలవు, మహైకా నది వైపు వదిలితే అక్కడి రైతులు మునుగుతారు. మహైకా వైపు వదిలారు. కట్ట పొర్లి, తూర్పు తీరపు ఊళ్లు వారాల తరబడి నీటిలో ఉన్నాయి. పశువులు చచ్చాయి, ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ సోకి మనుషులూ పోయారు. నష్టం సుమారు 46.5 కోట్ల అమెరికా డాలర్లు, దేశ వార్షిక ఉత్పత్తిలో దాదాపు 60 శాతం. ఆ తర్వాత నిల్వ నుంచి నేరుగా సముద్రానికి, ఎనిమిది తలుపుల తూముతో, సుమారు 10 కిలోమీటర్ల హోప్ కాలువ తవ్వారు.

తూము ఎందుకు విఫలమవుతుందో ఒకసారి చూడాలి. తలుపు చాలాచోట్ల గ్రీన్‌హార్ట్ కర్రతో చేస్తారు, సముద్రపు పురుగు దాన్ని తొలవలేదు. గొలుసులు, చక్రంతో పైకి లాగుతారు. ఆటుపోట్ల సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి తూము కాపరి పని వేళ గడియారంతో కుదరదు, అర్ధరాత్రి రెండింటికైనా లేవాలి. బయటి నీరు లోపలి నీటికన్నా దిగిన క్షణంలో ఎత్తాలి. ఆలస్యమైతే వదిలే గంటలు పోతాయి, దించడం ఆలస్యమైతే ఉప్పునీరు మడిలోకి వస్తుంది. పున్నమి, అమావాస్యల పోటుకు భారీ వాన తోడైతే సరిగ్గా తెరిచినా నీరు పూర్తిగా పోదు. బయటి కాలువ బురదతో పూడితే ఎక్స్‌కవేటరు తెచ్చి తవ్వాలి, వారం తిరిగేసరికి మళ్లీ పూడవచ్చు. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సీసాలు పడితే కాలువ దారిలోనే ఆగిపోతుంది. అప్పుడు పంపులే దిక్కు, డీజిలు ఖర్చు వేరు.

ఇంకొకటి కంటికి కనపడదు. బ్యాక్‌డ్యామ్ వైపు నేలలో బంకమట్టి మీద ‘పెగాస్’ అనే కుళ్లిన ఆకుల పొర ఉంటుంది. నీరు తీసేస్తే ఆ పొర గాలికి ఆరి, కరిగి, కుంగిపోతుంది. కొన్నిచోట్ల ఆమ్లత కూడా పెరుగుతుంది. ఆరబెట్టిన కొద్దీ నేల దిగుతుంది, దిగిన కొద్దీ మరింత మురుగు తీయాలి. సముద్రమట్టం కూడా పెరుగుతున్నందున ఆటు వేళ నీరు వదిలే గంటలు తగ్గుతున్నాయి. 1855 ముంపు తర్వాత ఖైదీల కూలితో మొదలెట్టి దశాబ్దాలు కట్టిన సముద్రపు గోడను ఎంత ఎత్తు పెంచినా ఈ సమస్యకు మందు కాదు. గోడ బయటి నీటిని ఆపుతుంది, లోపలి నీటిని పంపదు. 2010 నుంచి కురీడా మొక్కలు నాటుతున్నారు. బురద దిబ్బ ఉన్నచోట నాటితే నిలుస్తాయి, లేనిచోట ఎన్ని నాటినా అలలు పీకేస్తాయి. స్థలం, సమయం చూడకుండా నాటితే డబ్బు సముద్రంలో పోసినట్టే.

లోపలి దేశానికి ఈ గోలేమీ పట్టదు. అక్కడ తొమ్మిది ఆదివాసీ జాతులు, మకూషి, వాపిషానా, పటమోనా, వైవై తదితరులు, దేశ జనాభాలో పదో వంతు. పొటారో నది కైటూర్ దగ్గర 226 మీటర్లు ఒక్క దూకుడుగా పడుతుంది. చేదు కర్రపెండలంలో సైనైడ్ విషం ఉంటుంది కాబట్టి దుంపను తురిమి, మటపీ అనే పొడవాటి అల్లిక సంచిలో కుక్కి, లాగి రసం పిండుతారు. ఆ రసాన్ని చిక్కగా, నల్లగా అయ్యేదాకా మరిగిస్తే విషం పోయి కాసరీప్ అవుతుంది. మాంసం చెడకుండా ఉంచే ఆ పాకమే గయానా పెప్పర్‌పాట్‌కు ప్రాణం.

ఈ లోపలి భాగం మీదే వెనెజులా కన్ను. ఎసెక్విబో నదికి పడమరగా ఉన్న సుమారు 1,59,500 చదరపు కిలోమీటర్లు తనదేనంటుంది. 1899 పారిస్ మధ్యవర్తిత్వ తీర్పు గయానాకు ఇచ్చింది, 1962 నుంచి వెనెజులా ఆ తీర్పును ఒప్పుకోవడం లేదు. 2018లో గయానా అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 2023 డిసెంబరులో వెనెజులా ఆ నేల కోసం సొంతంగా రెఫరెండం పెట్టుకుంది. కారణం అడవి మాత్రమే కాదు. 2015 మేలో ఎక్సాన్‌మొబిల్ తీరానికి 190 కిలోమీటర్లకు పైగా దూరంలో లీజా బావిలో చమురు కనుక్కుంది, 2019 డిసెంబరులో తోడడం మొదలైంది. 2022లో ఆర్థిక వృద్ధి 60 శాతం దాటింది. ఒప్పందంలో కంపెనీ ఖర్చు కింద 75 శాతం దాకా చమురు తీసుకోవచ్చు, మిగిలింది చెరిసగం, పైన 2 శాతం రాయల్టీ. అంటే ఖర్చులు రాబట్టుకునే ఏళ్లలో దేశానికి దక్కేది 14.5 శాతం. చౌకగా ఇచ్చారనే విమర్శ దేశంలో గట్టిగానే ఉంది.

ఆ డబ్బుతో రోడ్లు, ఆస్పత్రులు, కొత్త పంపులు వస్తున్నాయి. జార్జ్‌టౌన్‌కు దక్షిణాన, విమానాశ్రయం దాటాక, లిండెన్ రోడ్డు పక్కన సిలికా సిటీ పేరుతో కొత్త పట్టణం కడుతున్నారు. ఆ నేల అంతా ఎత్తైన తెల్ల ఇసుక. వాన పడితే క్షణాల్లో ఇంకిపోతుంది, కాలువ అక్కర్లేదు, తూము అక్కర్లేదు. చెరకు పండదని డచ్చివాళ్లు వదిలేసిన నేల అది.